కాళ్లందని బండి

కొత్త బండి ఎట్లా ఉందని పట్నాల్లో కొన్నవాడినే అడుగుతారట. మా గరిడేపల్లిలో ఆ పద్ధతి లేదు. బండి ఊళ్లోకి వచ్చిన గంటలోపే దాని మీద బస్టాండులో ఒక అభిప్రాయం, టీ హోటల్లో ఇంకొకటి, ఐకేపీ కేంద్రంలో కాంటా కోసం ఎదురుచూసే రైతుల దగ్గర నాలుగైదు తయారైపోతాయి. కొన్నవాడికి మిగిలేది కిస్తీ ఒక్కటే.

నేను కొన్నది రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్. 452 సీసీ ఇంజను, 40 గుర్రాల బలం, ఆరు గేర్లు, 17 లీటర్ల ట్యాంకు. పెట్రోలుతో కలిపి బరువు 196 కిలోలు. ఎరువుల దుకాణం నడిపేవాడిని కనుక ఏ బరువైనా నాకు బస్తాల్లో చెబితేనే ఎక్కుతుంది. నాలుగు యూరియా బస్తాలు, మీద పదహారు కిలోల విడి. యూరియా బస్తా 50 కిలోల నుంచి 45కు దిగి ఏళ్లు గడిచినా ఆ సంగతి ఒప్పుకోని రైతులు మా దగ్గర ఇంకా ఉన్నారు. వాళ్ల లెక్కలో నా బండి నాలుగు బస్తాలకు నాలుగు కిలోలు తక్కువ. "బండ్ల కూడ తూకం కొట్టిండ్రా?" అని ఒకాయన నిజంగానే బాధపడ్డాడు.

ఎరువులమ్ముకునేవాడికి సాహసయాత్రల బండి దేనికని మీకూ అనిపించి ఉంటుంది. వరసలో నిలబడండి. మీకంటే ముందు చాలామంది ఉన్నారు.

సూర్యాపేట నుంచి తెచ్చి దుకాణం ముందు స్టాండు వేసిన రోజు మా దగ్గర యూరియా లేదు. లారీ వస్తుందన్న కబురు మాత్రం ఉంది. పాసుపుస్తకాలు, చెప్పులు వరసలో పెట్టి వేపచెట్టు కింద కూర్చున్న జనానికి పొద్దు పోక ఆవలింతలు వస్తున్న వేళ ఈ బండి దిగింది. చెప్పులు వరసలోనే ఉన్నాయి, మనుషులు వచ్చి బండి చుట్టూ చేరారు.

"ఎంతకు వడ్డది సేటూ?"

"అన్నీ కలిపి మూడున్నర దాటింది."

"మూడున్నర లచ్చలా! మూడు ముర్రా బర్రెలొస్తుండె గదనే."

"బర్రెలేంది, సెకండ్ హ్యాండు కారే వస్తది. ఏసీ గూడ ఉంటది."

"కారెందుకు? హుజూర్‌నగర్ల ప్లాటుకు బయానా అయితుండె."

ఐదు నిమిషాల్లో నా మూడున్నర లక్షలు బర్రెలై, కారై, ప్లాటై చేతులు మారిపోయాయి. ధరలో సర్కారు వాటా ఎంతో చెప్పి సానుభూతి రాబడదామనుకున్నాను. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ దాటిన బండ్లకు జీఎస్టీ 40 శాతం చేశారు, అంతకుముందు సెస్సుతో కలిపి 31 ఉండేది, అదే రోజు చిన్న బండ్లకు 28 నుంచి 18కి దించారు అని విడమరిచి చెప్పాను. మా బావ ఆ తగ్గింపు చూసుకునే స్ప్లెండర్ కొన్నాడు. అంతా విని తల పంకించాడు.

"అంటే సర్కారు గూడ నీకు వద్దనే చెప్పింది. నువ్వే ఇనలే."

తర్వాతి ప్రశ్న తెలిసిందే. ఎంత ఇస్తది? ఇరవై ఎనిమిది, మెల్లగా పోతే ముప్పై అన్నాను. అందరూ చప్పుడు చేయకుండా నన్నే చూశారు. ఎక్సెల్ మీద పాలు పోసే ముసలాయన ఒకడు దగ్గరికొచ్చి, "నాది అరవై ఇస్తది బిడ్డా, రెండు క్యాన్లు కట్టినా" అన్నాడు. గొప్పగా కాదు, ఓదార్పుగా అన్నాడు. ఆ ఓదార్పే ఎక్కువ గుచ్చుకుంది. ఆ వెంటనే బండికి రెండు పక్కలా బిగించిన ఇనప పెట్టెలను తట్టి చూసి, "ఇండ్ల ఎన్ని లీటర్లు పడతయ్?" అన్నాడు. బట్టలు పెట్టుకోవడానికని చెప్పాను. ఊరి నుంచి ఊరికి బట్టలు మోసుకుపోవడానికి ఇనప పెట్టెలెందుకో ఆయనకు అర్థం కాలేదు. చెబుతూ చెబుతూ ఉంటే నాకూ కాలేదు.

ఇక మూడో ప్రశ్న: ఎందుకు? దీనికి కంపెనీల దగ్గర మంచి జవాబే ఉంది. పారిస్ నుంచి డాకర్‌కు ఎడారి మీదుగా పందేలు మొదలైన రోజుల్లో, 1980లో బీఎండబ్ల్యూ వాళ్లు ఆర్80 జీ/ఎస్ అని ఒక బండి తెచ్చారు. తారు రోడ్డు మీదా నడుస్తుంది, రోడ్డు లేని చోటా నడుస్తుంది. అక్కడి నుంచి ఈ జాతి పెరిగింది. మన దేశంలో 2011లో హీరో వాళ్లు ఇంపల్స్ అని చిన్నది తెచ్చారు, జనం పెద్దగా పట్టించుకోలేదు. 2016లో 411 సీసీతో మొదటి హిమాలయన్ వచ్చింది. ఇప్పుడు నా దగ్గరున్న తరం 2023 నవంబరులో వచ్చింది. దీని ఇంజనుకు షెర్పా అని పేరు పెట్టారు. ప్రకటనల్లో చూడండి, మంచుకొండ, ఒక్క బండి, ఒక్క మనిషి, ఇంకో పురుగు ఉండదు. మా ఊళ్లో మనిషి లేకుండా బండి ఫొటో తీయాలంటే కర్ఫ్యూ పెట్టాలి.

ఈ చరిత్రంతా విని ఒక కుర్రాడు అడిగాడు: "అయితే అన్నా, నువ్వు లద్దాఖ్ పోతున్నవా?"

"చూడాలె."

"యూరియా వచ్చినంక పో."

సీటు ఎత్తు 825 మిల్లీమీటర్లు. ముప్పై రెండున్నర అంగుళాలు. నా ఎత్తు ఐదడుగుల నాలుగు. ఈ రెండు అంకెలూ పక్కపక్కన చూస్తే ఇంక కథ చెప్పక్కర్లేదు. కూర్చుంటే ఒక పక్క బొటనవేలు ఆనుతుంది, రెండో కాలు గాలిలో ఉంటుంది. ఆగేముందు రోడ్డు ఏ పక్కకు వాలిందో చూసుకుని ఆ పక్క కాలు ఎత్తి పెట్టుకోవాలి, ఎత్తు ఉన్న పక్క కాలే దించాలి. దీన్ని సాధన చేశాక నాకు ఊరు కొత్తగా కనపడసాగింది. ఎవరి ఇంటి ముందు అరుగు ఉంది, ఏ కల్వర్టు పిట్టగోడ పాదానికి అందుతుంది, ఏ మైలురాయి ఎడమ పక్క ఉంది, అన్నీ కంఠతా వచ్చాయి. బండి డయలు గుండ్రటి తెర. ఫోను కలిపితే అందులో గూగుల్ మ్యాపు కనిపిస్తుంది. పెట్రోలు బంకులు, మలుపులు, దూరాలు అన్నీ చూపిస్తుంది. అరుగులు చూపించదు. అవి నేనే నేర్చుకున్నాను.

మా అమ్మకు ఎత్తుతో పేచీ లేదు. ఆమెకు తొందరంతా పూజ గురించే. మట్టపల్లి నరసింహస్వామికి చూపించాకే దాన్ని బండి అనాలి, అప్పటిదాకా అది ఇనుమే. సరేనని కృష్ణ ఒడ్డుకు తీసుకుపోయాం. నేను బండి మీద, మిగతా ఇల్లంతా ఆటోలో. పూజారి పసుపు, కుంకుమ పెట్టి, దండ వేసి, ఆ గుండ్రటి తెర నడిమధ్య నిండుగా ఒక బొట్టు పెట్టాడు. అప్పటి నుంచి నా స్పీడు కుంకుమ వెనక నుంచి చూసుకోవాలి. తర్వాత నిమ్మకాయలు. ముందు చక్రం 21 అంగుళాలది, సన్నటి టైరు, దాని మీద గడ్డలు గడ్డలుగా అచ్చులు. ముందుకు కదిపితే నిమ్మకాయ నలగలేదు. పక్కకు జారి మెట్ల దాకా దొర్లిపోయింది. ఆటో డ్రైవరు ఉరికి పట్టుకొచ్చాడు. మళ్లీ పెట్టారు, మళ్లీ జారింది. చుట్టూ ఉన్న జనంలో ఒక వర్గం "శకునం బాగలేదు" అంది. ఇంకో వర్గం, "పండును గూడ తొక్కని బండి, మనిషినేం తొక్కుతది" అని వాదించింది. పూజారి అనుభవం ఉన్నవాడు. నిమ్మకాయను వెనక చక్రం కింద పెట్టించాడు. వెనక టైరు వెడల్పాటిది, అది సంశయించలేదు.

ఇల్లాలి సంగతి. చీర కట్టుకుని ఈ బండి వెనక ఎక్కాలంటే ముందు ఫుట్‌రెస్టు మీద పాదం పెట్టి, నా భుజం పట్టుకుని, ఒక్క ఊపున లేవాలి. ఆ ఊపుకు బొటనవేలి మీద నిలబడ్డ నేను, నాలుగు బస్తాల బండి, ఆమె, అందరం ఒక పక్కకు వాలతాం. దుకాణం అరుగు మీదుగా ఎక్కించుకోవచ్చు గానీ హుజూర్‌నగర్ బట్టల షాపు ముందు దింపాక మళ్లీ ఎక్కడానికి అరుగెక్కడిది? ఆమె ఎక్కువ మాట్లాడలేదు. ఆధారు కార్డు తీసి పర్సులో పెట్టుకుంది. 2023 డిసెంబరు 9 నుంచి మన రాష్ట్రంలో ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్టు లేదు కదా. మొన్న ఇద్దరం హుజూర్‌నగర్‌కు ఒకేసారి బయలుదేరాం, ఆమె బస్సులో, నేను వెనక బండి మీద. జాకెట్టు, మోచేతులకు మోకాళ్లకు పలకలు, చేతికి గ్లవుజులు, నెత్తిన రెండు కిలోల హెల్మెట్టు, మీద ఎండ. ఆమె కిటికీ పక్కన కూర్చుని పల్లీలు తింటోంది. కండక్టరు సున్నా రూపాయల టికెట్టు కొట్టి ఇచ్చాడు. నేను బంకులో లీటరుకు 107 రూపాయల పైచిలుకు లెక్కన పోయించుకుంటుంటే బస్సు నన్ను దాటిపోయింది. ఆమె చెయ్యి ఊపింది. పక్కన కూర్చున్నామె, "ఎవరమ్మా ఆయన?" అని అడిగిందట. "మా ఊరాయనే" అందట మా ఆవిడ.

బండి సత్తా మీద నేనింకా ఏం చెప్పలేదని గమనించారా? నాకు ఆ అవకాశం వడ్ల కాలంలో వచ్చింది. సాగర్ ఎడమ కాలువ కింద వరి కోతలు మొదలైతే మా దారుల లెక్కే మారిపోతుంది. సగం రోడ్డు వడ్లది, సగం మనది. వడ్ల చుట్టూ హద్దుకు రాళ్లు. మిగిలిన సగంలో ఎదురుగా వరికోత మిషన్లు, మిర్యాలగూడ మిల్లులకు పోయే ట్రాక్టర్లు, మేళ్లచెరువు దిక్కు నుంచి సిమెంటు లారీలు. దమ్ము చేసే రోజుల్లో కేజీ వీల్స్ తీయకుండానే రోడ్డెక్కిన ట్రాక్టర్లు తారు మీద చెక్కిన గాట్లు వేరే. లద్దాఖ్‌లో వీటిలో ఒక్కటి కూడా ఉండదని విన్నాను.

కల్మలచెరువు దారిలో ఎదురుగా లారీ వస్తే నాకు వేరే గతి లేక వడ్ల అంచు మీదుగా పోనిచ్చాను. బండి కింద 230 మిల్లీమీటర్ల జాగా ఉంది, కుప్ప మీదుగా దూకినా అడుగు తగలదు. అంతవరకు బాగానే ఉంది. కుప్ప దగ్గర కూర్చున్న అవ్వ కర్ర అడ్డం పెట్టింది.

"ఆగు. బండి ఆపు."

అదృష్టం కొద్దీ హద్దు రాయి ఒకటి పాదానికి అందింది. అవ్వ వచ్చి ముందు టైరు ముందర గొంతుక్కూర్చుంది. అచ్చుల మధ్య సందుల్లో వడ్లు వరసగా ఇరుక్కుని ఉన్నాయి. కొంగు పరిచి, చిటికెన వేలి గోటితో ఒక్కొక్క గింజా పెకలించడం మొదలుపెట్టింది. ఒక సందు అయ్యాక, "జర ముందుకు జరుపు" అంటుంది. నేను జానెడు జరుపుతాను. ఇంకో సందు. మళ్లీ జానెడు. 21 అంగుళాల చక్రం చుట్టుకొలత ఎంతో కంపెనీవాళ్లకు లెక్కల్లో తెలిసి ఉంటుంది, నాకు జానల్లో తెలిసింది. ముందు చక్రం పూర్తయ్యాక వెనక్కి నడిచింది.

"ఇది ఇంకా ఎడల్పున్నది గదరా!"

వెనక వచ్చే ట్రాక్టరు హారను కొట్టాడు. ఆమె తల ఎత్తలేదు. "తేమ పదిహేడుకు తెచ్చిన. ఎట్లిడుస్తనురా?" అని నాకే చెప్పింది. కొంగులో పోగైనవి అరచేతిలో పోసుకుని తూకం చూసి, "పావుశేరు ఎత్తుకపోతుండె దొంగముండ టైరు" అని తీర్పు చెప్పి కర్ర తీసింది. టైరు పట్టు గురించి ఇంతకన్నా నిక్కమైన పరీక్ష ఏ ఇంజనీరూ చేసి ఉండడు.

ఈ రకం బండ్లను గతుకుల దారిలో నిలబడి నడపాలి. మోకాళ్లు కొంచెం వంచి, ట్యాంకును కాళ్లతో ఒత్తిపట్టి, బరువంతా ఫుట్‌రెస్టుల మీద వేస్తే గుంత దెబ్బ నడుముకు ఎక్కదు, బండి తన దారి తాను చూసుకుంటుంది. ఇది నిజం. పొద్దున్నే కాలువ కట్ట మీద ఎవరూ లేరు కదా అని నిలబడి నడిపి చూశాను. రెండు చక్రాలకూ 200 మిల్లీమీటర్ల సస్పెన్షను. కేజీ వీల్స్ గాట్ల మీద పరుగెడుతుంటే చేతులకు తెలుస్తోంది గానీ వెన్నుకు తెలియడం లేదు. ఎడమ పక్క నీళ్లు, కుడి పక్క పచ్చటి మళ్లు, ఎత్తున నేను. కొన్న తర్వాత మొదటిసారి ఎవరి ప్రమేయమూ లేకుండా నాకంటూ ఒక అభిప్రాయం ఏర్పడుతోంది: డబ్బులు దండుగ కాలేదు. సరిగ్గా అప్పుడు తూము దగ్గర నీళ్లు మళ్లిస్తున్న ఒకాయన పార భుజాన వేసుకుని అడ్డం వచ్చాడు.

"ఏం సేటూ, కూసుంటలేవు?"

"ఈ బండి ఇట్లనే నడపాలె."

ఆయన నా మొహం చూశాడు, సీటు చూశాడు, గొంతు తగ్గించాడు. "మొలలా?"

కాదని చెప్పాను. "నాకు చెప్పుకుంటే ఏమైతది, మా అన్నకు గూడ ఉండె" అన్నాడు. మళ్లీ కాదన్నాను. రెండుసార్లు కాదన్నవాడికి ఉన్నట్టే లెక్క. మధ్యాహ్నానికి దుకాణంలో తెల్ల ఉల్లిగడ్డ వైద్యం తెలిసినాయన ఒకడు, కోదాడ దగ్గర చెట్ల మందు ఇచ్చే ఊరు తెలిసినాయన ఒకడు వచ్చి కూర్చున్నారు. సాయంత్రం మా బావ ఫోను చేసి, "ఈ బాధ పెట్టుకుని గంత ఎత్తు బండి ఎందుకు కొన్నవ్ రా?" అని మందలించాడు. మా ఆవిడ మాత్రం ఏమీ అనలేదు, రాత్రి అన్నంలోకి మజ్జిగ ఎక్కువ పోసింది.

గడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రానికి పోతే గేటు దగ్గర నిలబడ్డ రైతులు ఆ పెట్టెలు, గార్డులు చూసి మందు కొట్టే కొత్త మిషను డెమోకు తెచ్చాననుకున్నారు. ఎకరాకు ఎంత తీసుకుంటానని అడిగారు.

నాలాంటి వాళ్లు ఇంకెవరైనా ఉన్నారా అని వెతికితే కోదాడలో ఒక బ్యాంకు ఉద్యోగి, మిర్యాలగూడలో ఒక మిల్లు యజమాని కొడుకు దొరికారు. ఆదివారాలు సూర్యాపేట దగ్గర హైవే మీద టీ తాగుతాం. మాటలన్నీ ఎత్తుల మీదే నడుస్తాయి. ఉమ్లింగ్ లా కనుమ 19,024 అడుగులు, ఊపిరి అందదు, అక్కడ ఏ టైరు, ఎంత గాలి. మా ముగ్గురిలో ఈ బండ్లతో ఎక్కువ ఎత్తు ఎక్కినవాడు బ్యాంకాయన. ఉండ్రుగొండ గుట్ట కింద దాకా వెళ్లాడు. పైకి మెట్ల దారిన నడిచాడట. మిల్లు కుర్రాడైతే మిర్యాలగూడ దాటి రావడమే యాత్ర అంటాడు. సీజన్‌లో మిల్లుల ముందు ట్రాక్టర్ల వరస మధ్య బండిని ఒంటికాలి మీద మూడు గంటలు నిలబెట్టిన మనిషి. ఉమ్లింగ్ లాకు పోయినవాళ్లనే ఇక్కడికి తెచ్చి ఆ వరసలో నిలబెట్టాలని అతని కోరిక. అతను ఆరడుగులు, కాళ్లు రెండూ ఆనతాయి. అతని కష్టాలు నాకు కష్టాల్లా అనిపించవు.

ఈ మధ్య కీతవారిగూడెం నుంచి ఒక పెళ్లికొడుకు, అతని వెంట ఫొటోగ్రాఫరు వచ్చారు. పెళ్లికి ముందు తీసే ఫొటోలకు బండి కావాలట. మనవాళ్లే, కాదనలేం. కాలువ కట్ట మీద తీశారు. పెళ్లికొడుకు నాకన్నా రెండు అంగుళాలు తక్కువ. కాబట్టి బండి స్టాండు మీదే ఉంది. పెళ్లికూతురిని మాత్రం తూము గోడ మీదుగా ఎక్కించారు. నేను ఫొటోలో పడకుండా వెనక వంగి హ్యాండిలు ఊగకుండా పట్టుకున్నాను. తర్వాత ఫొటోగ్రాఫరు వరి మళ్లన్నీ తుడిపేసి అక్కడ మంచుకొండలు పెట్టాడు. పెళ్లి మంటపం ముందు ఆ ఫొటో ఫ్లెక్సీ మీద పది అడుగులు లేచింది. మండలమంతా చూసింది.

నిన్న ఒకాయన కాంప్లెక్సు బస్తాలకు వచ్చి, బయట బండి చూసి, లోపలికి రాగానే అడిగాడు: "పెండ్లికొడుకు బండి నీకాడనే ఉన్నదేంది సేటూ? కట్నం కింద పెట్టిన బండి గట్ల ఎండల పెడతరా?"

అది నా బండే అన్నాను. నవ్వాడు. గల్లా పెట్టెలోంచి ఆర్‌సీ తీసి చేతిలో పెట్టాను. అద్దాలు సవరించుకుని, రెండు పక్కలా తిప్పి, వేలు పెట్టి చదువుకుని తిరిగి ఇచ్చాడు.

"పిలగాని పేరు లేదేంది దీంట్ల? ఇంకా మార్పియ్యలేదా?"